నలభై అడుగుల గీత

తన ముందు నలభై ఏడుగురు ఉన్నారని థర్మన్ లెక్కపెట్టాడు, పెట్టినందుకు తనని తనే తిట్టుకున్నాడు, ఎందుకంటే ఏ వరసలో నిలబడ్డా ముందు ఎంతమంది, వెనక ఎంతమంది, తలుపు ఎటువైపు, గార్డు ఎక్కడ అని చూసుకోవడం జైల్లో ఇరవై ఒక్క ఏళ్ళు పట్టిన అలవాటు, బయటికొచ్చి ఎనిమిదేళ్ళయినా ఒంటిని వదల్లేదు, కొట్లో పాల డబ్బా పట్టుకుని నిలబడినా అంతే. ఇక్కడ గార్డు లేడు. ఫైర్ ఇంజన్ని బయట ఎండలో నిలబెట్టి, రోజూ అది ఉండే షెడ్డులో పోలింగు పెట్టారు. వరస ఆ షెడ్డు తలుపు దగ్గర మొదలై, కంకర తొక్కుకుంటూ, వేరుశనగ మిల్లు కంచె దాకా వచ్చింది. నవంబరు పొద్దుటి చలికి అందరి నోళ్ళలోంచి ఆవిరి వస్తోంది. మిల్లు వైపు నుంచి వేయించిన గింజల వాసన. అన్నానికి వరస, మాత్రలకి వరస, ఫోనుకి వరస, స్నానానికి వరస, జీవితంలో సగం ఇంకొకడి వీపు చూస్తూనే గడిచిపోయింది, అయితే ఆ వరసల్లో ఏదీ నచ్చకపోతే వెళ్ళిపోయే వరస కాదు, ఇదైతే వెళ్ళిపోవచ్చు, వెళ్ళిపోయినా ఎవరూ అడగరు. నిజంగానే అడగరా అని అనుమానం వచ్చి, థర్మన్ ఒక అడుగు పక్కకి వేశాడు. ఈల మోగలేదు. వెనకున్న ఎర్ర టోపీ ఆవిడ, "ఏమన్నా పడిపోయిందా బాబూ?" అంది. "లేదమ్మా, కాలు తిమ్మిరెక్కింది" అని మళ్ళీ వరసలోకి వచ్చాడు. వచ్చాక నవ్వొచ్చింది. ఓటు కోసం తనంతట తాను వచ్చి నిలబడిన వరస ఇదే మొదటిది, యాభై తొమ్మిదేళ్ళ వయసులో.

కోటు లోపలి జేబు తడుముకున్నాడు. ఉత్తరం ఉంది. ఐదు నిమిషాల కిందట కూడా ఉంది. ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఆ ఉత్తరం అవసరం లేదని, తనచేత దరఖాస్తు పెట్టించిన మిస్ అర్లీథా పదిసార్లు చెప్పింది, నీ పేరు జాబితాలోకి ఎక్కింది, ఇంకా ఆ కాగితం పట్టుకుని తిరుగుతావేంటి బిచ్చగాడిలా అని కేకలేసింది, అయినా ఇంట్లో వదిలి రాలేకపోయాడు, ఎందుకంటే జాబితా అనేది ఇంకొకళ్ళ చేతిలో ఉండేది, ఉత్తరం తన చేతిలో ఉండేది. ఈ వర్జీనియాలో పెద్ద నేరం మీద పడితే ఓటు పోతుంది, శిక్షంతా అనుభవించి వచ్చినా తిరిగి రాదు, గవర్నరు కూర్చుని ఒక్కొక్కడి పేరు మీదా సంతకం పెట్టి ఇస్తే తప్ప. ఆ సంతకం పదకొండు నెలలకి వచ్చింది. వచ్చిన రోజు థర్మన్ టైర్ల షాపులో ఒక ట్రాక్టరు చక్రం విప్పుతున్నాడు, చేతులు నల్లగా ఉన్నాయని ఉత్తరం ముట్టుకోలేదు, మధ్యాహ్నం దాకా దాన్ని కిటికీలో నిలబెట్టి, దూరం నుంచి చదువుకుంటూ పనిచేశాడు. ఇప్పుడు పక్క ఊరి సంగతి గుర్తొచ్చింది: ఎవడో పాపం, హక్కు తిరిగొచ్చిందనుకుని ఓటేస్తే, రాలేదని తేలి మళ్ళీ పోలీసులొచ్చారట. నిజమో కాదో తెలీదు, మంగలి షాపులో విన్న మాట, కానీ అలాంటి మాటలు ఇంటికొచ్చి మంచం పక్కనే కూర్చుంటాయి. జాబితాలో పేరు లేకపోతే? ఇంతమంది ముందు, బాబూ నీది లేదు, పక్కకి జరుగు, అంటే? పక్కకి జరగడం తనకి కొత్త కాదు. ఈ ఒక్క రోజు మాత్రం జరగలేనేమో అనిపించింది.

వరస కదిలింది. వేరుశనగ వాసన పోయి స్ట్యూ వాసన వచ్చింది, కోడీ మొక్కజొన్నా బీన్సూ టమాటాలూ కలిసి ఉడికే వాసన, దానికింద ఓక్ పుల్లల పొగ, ఆ వాసన ముక్కుకి తగలగానే థర్మన్ వీపు దానంతటదే నిటారుగా అయింది, మిస్ అర్లీథా దగ్గర వంగి నిలబడితే తెడ్డు వెనక్కి తిప్పి పొడుస్తుంది. అదిగో, కంకర మీద సున్నంతో గీసిన గీత, తలుపుకి నలభై అడుగులు, ఓటు పని లేనివాళ్ళు దాటకూడని గీత. ఆ గీతకి ఇవతల, సరిగ్గా జానెడు ఇవతల, మూడు ఇటుకల మీద నల్లటి ఇనప గంగాళం, దాని ముందు డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మగాళ్ళ కోటు మీద పూల ఏప్రన్, చేతిలో పడవ తెడ్డంత తెడ్డు. ఫైర్ స్టేషన్ కోసం ఎన్నికల రోజు స్ట్యూ అమ్మడం ఈ ఊళ్ళో అందరికంటే పాత ఆచారం, ఆ తెడ్డు అర్లీథా చేతికొచ్చి నలభై ఏళ్ళ పైనే అయింది. అందులో చాలా ఏళ్ళు ఆవిడకి ఓటు లేదు. ఇరవై ఆరేళ్ళప్పుడు, తాగొచ్చి కొట్టే మొగుణ్ణి ఒకరోజు తిరిగి ఇనప పెనంతో కొట్టింది. అతనికి ఒక కన్ను పోయింది, ఆవిడకి ఐదేళ్ళూ, వాటితోపాటు ఓటూ పోయాయి. జైలు నుంచి వచ్చాక ప్రతి ఎన్నికకీ తెల్లారకముందే వచ్చి, పొయ్యి వెలిగించి, ఊరంతా ఓటేసి వచ్చేసరికి గిన్నెల్లో వేడివేడిగా పోసేది. గీత మాత్రం దాటేది కాదు. ఓట్ల వాళ్ళు లోపల ఆకలితో ఉన్నారంటే గిన్నెలు ఇంకెవరిచేతో పంపేది. వానొచ్చిన సంవత్సరం కూడా చూరు కిందికి రమ్మంటే రాలేదట, గొడుగు ఆవిడ తనమీద కాక గంగాళం మీద పట్టిందట. నాకు లోపల పని లేదు, పని ఉన్నప్పుడు వస్తాను, అందట. అరవై మూడేళ్ళప్పుడు పని పడింది. ఆ రోజు తెడ్డు గంగాళానికి ఆనించి, ఏప్రన్ విప్పి మడతపెట్టి, గీత దాటి లోపలికి వెళ్ళింది, ఉడుకుతున్న స్ట్యూ చూసుకోమని ఎవరికీ చెప్పలేదు, అడుగంటింది, ఆ రోజు మాడు వాసన వేసిన స్ట్యూని ఊళ్ళో ఒక్కళ్ళూ వంక పెట్టకుండా తిన్నారట. థర్మన్ అప్పుడు ఇంకా లోపలే ఉన్నాడు. ఈ కథ విన్నప్పుడల్లా ఆ స్ట్యూ తినలేకపోయానే అనిపిస్తుంది.

"ఏరా, గొంతు ఉందా?" అంది ఆవిడ తల ఎత్తకుండానే.

"ఉందండీ."

"చూపించు."

"ఇక్కడా? ఇంతమందిలోనా?"

"లోపల మాత్రం ఒంటరిగా ఉంటావనుకున్నావా? బల్ల దగ్గర పేర్లడిగే పర్నెల్‌కి నిరుడు ఒక చెవి పోయింది, ఈ ఏడు రెండోది కూడా సెలవు తీసుకుంది. పొలం అవతల ఉన్నవాణ్ణి పిలిచినట్టు చెప్పాలి. గుర్తుందా ఏం చెప్పాలో?"

"నా పేరు నాకు గుర్తుండదా మిస్ అర్లీథా!"

"హుఁ," అంది ఆవిడ. ఆ ఒక్క హుంకారంలో మొత్తం వంటగది ఉంది.

ఆ వంటగది. అసలు ఆవిడ తనని ఆ వంటగదికి రప్పించడానికే ఆరేళ్ళు పట్టింది. వారానికోసారి పాత నీలం బ్యూక్ వేసుకుని టైర్ల షాపుకి వచ్చేది, వెనక కుడి చక్రంలో గాలి తగ్గింది నాయనా అనేది, థర్మన్ గాలి కొట్టేవాడు, ఆవిడ ఈలోపు ఏప్రన్ జేబులోంచి ఒక పిప్పరమెంటూ ఒక మడతపెట్టిన దరఖాస్తూ తీసేది, థర్మన్ పిప్పరమెంటు తీసుకుని దరఖాస్తు వెనక్కి ఇచ్చేవాడు. నాకెందుకండీ ఓటు, ఎవడొస్తే నాకేం, వాళ్ళు నన్ను వద్దన్నారు, నేను వాళ్ళని వద్దన్నాను, చెల్లుకి చెల్లు. సరే నాయనా, వచ్చేవారం వస్తా. ఆరేళ్ళు. ట్యూబు మార్చాడు, వాల్వు మార్చాడు, చక్రమంతా నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలొస్తాయేమోనని చూశాడు, చిల్లు దొరికితేనా! చివరికి ఒకరోజు చర్చి సందులో తన కళ్ళారా చూశాడు, డెబ్భై రెండేళ్ళ మనిషి, చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, హెయిర్ పిన్నుతో తన టైరులోంచి తనే గాలి తీసుకుంటోంది. థర్మన్ షాపుకి తిరిగొచ్చి, ఆవిడ వచ్చాక గాలి కొట్టి, ఈసారి దరఖాస్తు తీసుకుని పిప్పరమెంటు వెనక్కి ఇచ్చాడు. ఆ మోకాళ్ళకి కీళ్ళవాతం అని ఊరందరికీ తెలుసు. ఇలా మూడు వందల పైచిలుకు మందిచేత దరఖాస్తులు పెట్టించింది, ఒక్కొక్కడికి ఒక్కో వంక: మంగలి షాపు, చావు జరిగిన ఇళ్ళు, జైలు గేటు బయట బస్టాపు. తనకి తిరిగొచ్చింది తను దాచుకుని ఇంట్లో కూర్చోవచ్చు కదా, కూర్చోలేదు. అమ్మ తరవాత తన కోసం ఎవరైనా మోకాళ్ళ మీద కూర్చున్నారంటే ఆవిడే.

ఆ సాయంత్రం వంటగదిలో, నూనెగుడ్డ పరిచిన బల్ల మీద దరఖాస్తు పెట్టి, పూర్తి పేరు అన్న గడిలో థర్మన్ జాగ్రత్తగా, అక్షరాలు గీతలు దాటకుండా రాశాడు: బోయ్‌కిన్, ఒకటి ఏడు ఎనిమిది నాలుగు సున్నా రెండు. రాసి, ఎంత చక్కగా రాశానో అని చూసుకున్నాడు కూడా. జైల్లో రోజుకి నాలుగుసార్లు లెక్క. గార్డు ఇంటిపేరు పిలుస్తాడు, నువ్వు నంబరు చెప్పాలి, చెప్పకపోతే మళ్ళీ మొదటినుంచి లెక్క, నీ వల్ల వంద మంది ఇంకో గంట నిలబడాలి, అందుకని నంబరు ముందు నాలిక మీదకి, పేరు తరవాత ఎప్పుడో. మిస్ అర్లీథా ఆ కాగితం చూసింది. నవ్వలేదు, అయ్యో అనలేదు, నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేసి, ఇంకోటి తీసింది. "ఈ గడిలో మీ అమ్మ పెట్టింది రాయి." రాశాడు. ఆ తరవాత ప్రతి గురువారం, ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ ఆఫీసరవుతుంది, తను తలుపు దగ్గర్నుంచి నడిచొచ్చి బల్ల ముందు నిలబడాలి. ఓటరు పేరు? గట్టిగా. పేరు? ఇంకా గట్టిగా, ఉల్లిపాయకి కూడా వినబడాలి. మొదట్లో నాలుగింట మూడుసార్లు నంబరే వచ్చేది. పోయిన గురువారం పదింట పదిసార్లూ పేరే వచ్చింది, ఆవిడ బహుమతిగా ‘చిలగడదుంప పై’ అనే తీపి రొట్టె చేసి పెట్టింది. ఆవిడకి ఇవన్నీ ఎలా తెలుసు? ఆవిడ తొణికిన మనిషి కాదు, బెణికిన మనిషి కాదు, నిటారుగా నడిచి వెళ్ళి మూడు మాటల్లో పేరు చెప్పి వచ్చేసి ఉంటుంది, అందుకే ఇంకొకళ్ళ తడబాటు ఆవిడకి అంత స్పష్టంగా కనిపిస్తుంది, అని థర్మన్ లెక్క.

థర్మన్ ఎజ్రా బోయ్‌కిన్. మూడూ కలిపి పిలిచింది ఇప్పటికి ఇద్దరే. అమ్మ, కోపం వచ్చినప్పుడు. థర్మన్ అంటే అన్నానికి రమ్మని, థర్మన్ ఎజ్రా అంటే ఏదో పగిలిందని, మూడూ వినబడితే బెత్తం అప్పటికే చేతిలో ఉందని. ఆ తరవాత జడ్జి. అప్పుడు తనకి ముప్పై, పెట్రోలు బంకులోకి పిస్తోలు పట్టుకుని వెళ్ళిన మనిషి, కాల్చను, బెదిరిస్తాను అంతే, అని స్నేహితుడికి చెప్పి మరీ వెళ్ళిన మనిషి. చెయ్యి వణికింది, పేలింది, బంకులో ఉన్న డోయల్ గారి భుజం. ఆ ముసలాయన పడిపోతూ అరిచిన కేక కాదు, పడిపోయాక, "ఏం పని బాబూ ఇది" అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. బతికాడు, కానీ ఆ చెయ్యి మళ్ళీ తల పైకి ఎత్తలేదు. థర్మన్ దీన్ని ఎవరిమీదా తోయడు, వయసు మీదా, స్నేహితుడి మీదా. తను చేశాడు. జడ్జి మూడు పేర్లూ కలిపి చదివి ఇరవై ఆరేళ్ళన్నాడు, వెనక బెంచీలో అమ్మ కూర్చుని ఉంది, తను ఎప్పుడో కొడుకుని భయపెట్టడానికి దాచుకున్న మూడు మాటలు ఇంకొకడి నోట విని తలవంచుకుంది. కొడుకు బయటికి రావడం చూడలేదు. ఆ రోజు నుంచి పూర్తి పేరంటే థర్మన్‌కి శిక్షే, అందుకే నంబరు చెప్పడమే నయమనిపించేది, నంబరుకి అమ్మ ఉండదు.

గీత దాటాడు. ఏమీ కాలేదు, కంకర అటూ ఇటూ ఒకటే. తలుపు పక్కన గోడకి పెద్ద అక్షరాల కాగితం: హక్కు లేకుండా ఓటు వెయ్యడం నేరం. నేరం అన్న మాట మిగతావాటికంటే లావుగా ఉంది. జేబు తడుముకున్నాడు, ఉంది. లోపల్నుంచి గంట మోగింది, చప్పట్లు. ఫైర్ స్టేషన్ పాత ఇత్తడి గంట అది, మొదటిసారి ఓటేసేవాళ్ళకి మోగిస్తారు, ఎవరో పద్దెనిమిదేళ్ళ పిల్ల సిగ్గుపడి నవ్వుకుంటూ బయటికి పోయింది. ముందు ఆరుగురు. నలుగురు. షెడ్డులో డీజిలు వాసన, తడి గొట్టాల వాసన, బల్ల వెనక ఎర్ర బో టై కట్టుకుని మిస్టర్ పర్నెల్, ఎనభై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల ఆయనదే. ఇద్దరు. థర్మన్ ఎజ్రా, థర్మన్ ఎజ్రా, ఉల్లిపాయలు, గట్టిగా. ఒక్కరు. ఎర్ర టోపీ ఆవిడ వెనక నుంచి, "వెళ్ళు బాబూ, నీదే వంతు" అంది.

"ఓటరు పేరు?" అన్నాడు మిస్టర్ పర్నెల్, తలుపు తెరిచిన గార్డు గొంతంత గొంతుతో.

"ఒకటి ఏడు ఎనిమిది నాలుగు..." అన్నాడు థర్మన్, గట్టిగా, స్పష్టంగా, నిటారుగా నిలబడి.

నోరు మూసుకునేసరికి సున్నా కూడా సగం బయటికి వచ్చేసింది. చెవులు వేడెక్కాయి. చూపు తలుపు మీదికి పోయింది, ఎన్ని అడుగులు, ఎవరు అడ్డం. వెళ్ళిపోవచ్చు, ఇది వెళ్ళిపోగల వరస, ఉత్తరం జేబులోనే ఉంటుంది, షాపుకి పోయి ట్రాక్టరు చక్రం విప్పుకోవచ్చు, ఆరేళ్ళ గాలీ వృథా, చిలగడదుంప పై వృథా, ఆవిడకేమని చెప్పాలి. మిస్టర్ పర్నెల్ కళ్ళద్దాలు దించి చూశాడు. బల్ల మీదుగా ముందుకి వంగాడు. గుసగుసలాడదామనే అనుకున్నాడు పాపం, కానీ రెండు చెవులూ సెలవులో ఉన్న మనిషి గుసగుస ఎలా ఉంటుందో ఆయనకే తెలీదు, అవతల ఫైర్ ఇంజన్ కూడా విని ఉంటుంది.

"కంగారేం లేదు నాయనా. నువ్వు ఇవాళ నాలుగోవాడివి. నంబరు ముందు బయటికి పోనీ, అది పోతేగానీ పేరుకి చోటుండదు. అదిగో, తన మొదటి ఓటు రోజున నువ్వు నిలబడ్డ చోటే నిలబడి మిస్ అర్లీథా నాకు అంకెలన్నీ అప్పజెప్పింది. నేను రాసేసుకున్నాను కూడా. కొట్టెయ్, లేకపోతే పెన్సిలు విరిచేస్తా అంది. తీరిగ్గా చెప్పు."

ఇవాళ నాలుగోవాడు. థర్మన్ తల తిప్పాడు. ఓటేసే అరల దగ్గర ఒక బట్టతల పెద్దమనిషి తిరిగి చూసి, తల కొంచెం ఊపాడు, ఆ ఊపు థర్మన్‌కి తెలుసు, లెక్కయ్యాక పక్క సెల్లువాడు ఊపే ఊపు. మిస్ అర్లీథా. ఆవిడ కూడా. ఏప్రన్ మడతపెట్టి గీత దాటి వచ్చిన ఆ మనిషి, ఇక్కడ, ఈ డీజిలు వాసనలో, ముప్పై ఏడేళ్ళు ఎదురుచూసి వచ్చి, అంకెలు చెప్పింది. చెప్పి పారిపోలేదు, కొట్టించింది. అందుకా గురువారాలు. అందుకా నవ్వకపోవడం. ఇన్నాళ్ళూ ఆవిడ తడబడని మనిషి అనుకుని గౌరవించాడు, ఇప్పుడు ఆ గౌరవం పోలేదు సరికదా, ఇంకా పెరిగింది, మళ్ళీ బల్ల వైపు తిరిగి, పొలం అవతల ఉన్నవాణ్ణి పిలిచినట్టు తన పేరు చెప్పాడు.

మిస్టర్ పర్నెల్ వేలు జాబితా మీద కిందికి జారింది. జారింది. ఆగింది. "థర్మన్! ఎజ్రా! బోయ్‌కిన్!" అని ఆయన తిరిగి అరిచాడు, చట్టం అలా తిరిగి చెప్పమంటుంది, కానీ ఇంత ఆనందంగా చెప్పమనలేదు. మూడు పేర్లూ కలిపి ఒక నోట, వెనకాల బెత్తం లేదు, శిక్ష లేదు. "మొదటి ఓటు!" అన్నారెవరో. గంట మోగింది. అరవయ్యో ఏటికి దగ్గరపడ్డ మనిషికి పద్దెనిమిదేళ్ళ పిల్లకి కొట్టినట్టే చప్పట్లు కొట్టారు, ఎర్ర టోపీ ఆవిడైతే ఈల కూడా వేసింది.

అరలో నిలబడి ఓటు కాగితం మీద సున్నాలు నింపుతుంటే చెయ్యి వణికింది. ఒకసారి ఈ చెయ్యే వణికి ఒక మనిషి భుజం పోయింది. పెన్ను కింద పెట్టి, వణుకు తగ్గేదాకా ఆగి, మళ్ళీ తీశాడు. ఎవరికి వేశాడో అతని సొంత సంగతి. కాగితం యంత్రంలోకి పోయింది.

బయట ఎండ వచ్చింది. మిస్ అర్లీథా అప్పటికే ఒక గిన్నె నింపి పట్టుకుంది. గీత ఇవతలికి వచ్చి దాన్ని అందుకున్నాడు, వేళ్ళు కాలాయి.

"పర్నెల్ గుసగుస ఇక్కడిదాకా వినబడింది," అంది ఆవిడ. "వాడి నోటికి తాళం ఎప్పుడూ లేదు."

"నిజమేనా మిస్ అర్లీథా?"

తెడ్డు ఆగింది. స్ట్యూ ఒకటి రెండు బుడగలు వేసింది. "సున్నా ఐదు తొమ్మిది ఆరు రెండు," అంది ఆవిడ. "మా అమ్మ పుట్టినరోజు మర్చిపోయాను గానీ అది మర్చిపోలేదు. నీకు ముందే చెబితే, ఈవిడకే రానిది నాకేం వస్తుందిలే అని ఇంట్లో కూర్చునేవాడివి. కూర్చునేవాడివా కాదా?"

"కూర్చునేవాణ్ణి."

"మరి? ఇంకో సంగతి. నీ పేరు పర్నెల్ గొంతులో విన్నాను. నీ గొంతులో వినలేదు. నలభై అడుగులు మరి, ముసలి చెవులు. చెప్పు."

"ఇక్కడా?"

ఆవిడ తెడ్డు వెనక్కి తిప్పింది. థర్మన్ గిన్నె ఇటుక మీద పెట్టాడు, మూతి తుడుచుకున్నాడు, మిల్లు కంచె దాకా ఉన్న వరస వైపు తిరిగి చెప్పాడు, మూడూ, ఒకదాని తరవాత ఒకటి, అమ్మ చేలో నిలబడి పిలిచినంత గట్టిగా. వరసంతా తలతిప్పి చూసింది. కంచె దగ్గర, అందరికంటే చివర, చేతులు జేబుల్లో దోపుకుని నిలబడ్డ ఒకడి పెదాలు కదులుతున్నాయి; పేరు వల్లె వేసుకుంటున్నాడో, అంకెలో, ఇక్కడికి వినబడలేదు.

"ఆఁ," అంది మిస్ అర్లీథా, తెడ్డు మళ్ళీ కదిలిస్తూ. "తిను, చల్లారిపోతుంది. తినేసి, అదిగో ఆ చివరివాడి దగ్గరికి వెళ్ళి నిలబడు."